ఉమ్మడి స్టూడియోలో ఎచింగా, లినోకట్టా?

వారానికి ఒక పూట మాత్రమే ఉమ్మడి ముద్రణ స్టూడియోకు వెళ్లగలిగేవారికి ఎచింగ్ (లోహపు రేకుపై గీసి అచ్చువేయడం), లినోకట్ (లినోలియం అనే మెత్తని పలకను చెక్కి అచ్చువేయడం) రెండూ అందుబాటులో ఉన్నా, అవి కోరే సమయమూ సరంజామా ఒకటి కావు. లినోలో ఉలితో చెక్కివేసిన భాగం తెల్లగా మిగులుతుంది, చెక్కని ఉపరితలం రోలర్ నుంచి సిరాను అందుకుంటుంది. కాగితం పరచి చెంచా వెనుక భాగంతో రుద్దినా అచ్చు పడుతుంది కనుక, మిగిలిన పనిని ఇంట్లోనే ముగించవచ్చు.

ఎచింగ్ అలా కాదు. రాగి లేదా జింకు రేకుకు మైనం కలిసిన పూత పూసి, సూదితో గీసి, గీతలు లోతు తేలేదాకా రసాయనంలో ఉంచి, వాటిలోకి సిరా కూరి, పైపైన తుడిచి, తడిపిన కాగితంతో బరువైన రోలర్ల ప్రెస్‌లో నొక్కాలి. గాలి ఆడే గది, రసాయనాల తొట్లు, ప్రెస్ వంటివి ఇంట్లో సమకూర్చుకోవడం కష్టం. స్టూడియోకు చెల్లించే రుసుముకు అసలు ప్రతిఫలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం, ప్రెస్ దగ్గర వంతు కోసం కాచుకోవలసి వచ్చినా సరే. పక్కవారి రేకును చూసి నేర్చుకునేదీ తక్కువ కాదు: చిత్తూరు జిల్లాలో పుట్టిన ముద్రణ కళాకారుడు కృష్ణారెడ్డి, బ్రిటిష్ కళాకారుడు స్టాన్లీ విలియం హేటర్ 1927లో పారిస్‌లో నెలకొల్పిన అటెలియే 17 అనే ఉమ్మడి స్టూడియోలోనే, సిరాల చిక్కదనంలోని తేడాతో ఒకే రేకుపై పలు రంగులు అచ్చువేసే పద్ధతిని సహచరులతో కలిసి రూపొందించారు.

తొలి అచ్చును త్వరగా చూడాలనుకునేవారికి లినోయే మేలు, అయితే దానికోసం నెలల తరబడి రుసుము కట్టనవసరం లేదు.