పాత లారీ ట్యాంకులతో గాలి నిల్వ: నాలుగేళ్లు వాడిన తర్వాత

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో తలుపులు, అల్మరాలు చేసుకుంటాను. అక్కడున్నది గాలిని నొక్కి తన ట్యాంకులో నింపుకునే 24 లీటర్ల చిన్న కంప్రెషర్. మేకులు కొట్టడానికి, దుమ్ము ఊదడానికి దానికి వంక పెట్టలేం. చిక్కంతా పాలిష్ దగ్గరే. టేకు తలుపుకు ఒక పక్క, గాలితో చిమ్మే గన్‌తో మెలమైన్ పాలిష్ కొట్టాలంటే ఆపకుండా కనీసం రెండు నిమిషాలు పడుతుంది. నిమిషం దాటేసరికే ఒత్తిడి మీటరు ముల్లు మూడు బార్లకు (బారు అంటే గాలి ఒత్తిడి కొలత) పడిపోయేది. మంచులా పరచుకోవలసిన పాలిష్ చుక్కలుగా చిమ్మేది. తలుపు సగంలో చేయి ఆగితే ఆ అతుకు ఆరిన తర్వాత కూడా కనిపిస్తుంది. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ మొదటినుంచి కొట్టిన రోజులు చాలా ఉన్నాయి.

పెద్ద కంప్రెషర్ కొనే స్తోమత అప్పట్లో లేదు. అందుకే విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి, పాత లారీల నుంచి విప్పిన 40 లీటర్ల బ్రేకు ట్యాంకులు రెండు చూసి తెచ్చుకున్నాను. లారీ బ్రేకులు గాలితోనే పనిచేస్తాయి కాబట్టి ఎనిమిది బార్లు, మెకానిక్కుల లెక్కలో చదరపు అంగుళానికి 116 పౌండ్లు, వాటికి కొత్త కాదు. వాల్వులు, గొట్టాలతో కలిపి ఖర్చు 6,000 రూపాయలు దాటలేదు.

ఫలితం మొదటి రోజే తెలిసింది. నా గన్ నిమిషానికి దాదాపు 150 లీటర్ల గాలి తాగుతుంది, కంప్రెషర్ ఇచ్చేది 70 లీటర్లే. ఆ లోటును నిల్వ పూడ్చాలి. ట్యాంకులో ఒక్కో బారు తగ్గినప్పుడల్లా ట్యాంకు పరిమాణమంత గాలి బయటికి వస్తుంది. ఎనిమిది నుంచి మూడు బార్ల వరకు వాడుకుంటే పాత 24 లీటర్ల ట్యాంకులో దొరికేది 120 లీటర్లు. ఇప్పుడు మొత్తం 104 లీటర్లు కాబట్టి 520 లీటర్లు దొరుకుతుంది. మోటారు మధ్యలో అందుకుంటుంది కనుక దాదాపు ఐదు నిమిషాలు గన్ నీరసించదు. తలుపు ఒక పక్క ఒకే ఊపులో పూర్తవుతుంది. నాకు కావలసింది అదే.

అయితే ట్యాంకులు గాలిని పుట్టించవు, దాచిపెడతాయి, అంతే. ఆగకుండా తిరిగే గాలి గ్రైండరుకో, ఇసుక చిమ్మే పనికో ఇది సరిపోతుందనుకుని డబ్బు పెట్టకండి. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ఆ 70 లీటర్ల దగ్గరికే వస్తారు.

ఇక భద్రత. ఈ విషయం కాస్త వివరంగానే చెప్పాలి. పాత ట్యాంకు పైకి నిగనిగలాడుతున్నా లోపల తుప్పు ఎంత తినేసిందో కంటికి తెలియదు. ప్లంబర్లు పైపులైను పరీక్షకు వాడే చేతిపంపు అద్దెకు తెచ్చాను. ట్యాంకులో గాలి బుడగ కూడా మిగలకుండా నీళ్లు నింపి, పన్నెండు బార్ల దాకా, అంటే వాడే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, ఎక్కించాను. నీరు గాలిలా నొక్కుకుపోదు. అందుకే ట్యాంకు పగిలినా నీళ్లు కారతాయే గానీ పేలుడు జరగదు. మొదట తెచ్చిన రెండింటిలో ఒకదానికి తొమ్మిది బార్లు దాటగానే వెల్డింగ్ అంచున సూదిమొనంత తడి మెరిసింది. తుడిచాను. మళ్లీ మెరిసింది. కొత్త రంగు వేసి, గట్టిదని చెప్పి అమ్మిన ట్యాంకు అది. వెంటనే తీసి పక్కన పెట్టేశాను. దాని బదులు ఇంకొకటి కొని, దానికీ అదే పరీక్ష చేశాను.

ఒక వెల్డరు వంటగ్యాస్ సిలిండరు కోసి ఇస్తానన్నాడు. వద్దన్నాను, మీరూ వద్దనండి. ఆ సిలిండరు మన సొత్తు కాదు, చమురు కంపెనీది. లోపల మిగిలిన గ్యాసుకు నిప్పు తగిలితే ప్రాణాలే పోతాయి. పీవీసీ గొట్టాల్లో గాలి నింపే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. అవి చీలవు, ముక్కలై ఎగిరిపడతాయి. ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు కంప్రెషర్ మీద ఉన్నా, అది బిగుసుకుపోతే రెండో దిక్కు ఉండాలని నా ట్యాంకులకు విడిగా తొమ్మిది బార్లది పెట్టాను. నెలకోసారి రింగు లాగి చూస్తాను. ట్యాంకుకు కొత్తగా రంధ్రం కొట్టడం, వెల్డింగ్ పెట్టడం వంటివి చేయలేదు. ఉన్న రంధ్రాల మరలు 22 మిల్లీమీటర్లవి, మన ప్లంబింగ్ సామానుకు కుదరవు. లేతు దగ్గర ఇత్తడి అడాప్టర్లు చేయించుకున్నాను.

నేను ఊహించని లాభం ఒకటి ఉంది. కంప్రెషర్ నుంచి వేడిగా వచ్చే గాలి రెండు ట్యాంకులు దాటేసరికి చల్లబడి, తేమ నీరై అడుగున దిగిపోతుంది. వానాకాలంలో మా దగ్గర ఒక్కో ఘనపు మీటరు గాలి నుంచి దాదాపు 20 గ్రాముల నీరు దిగుతుంది. ఆగస్టులో రోజంతా పాలిష్ కొట్టిన సాయంత్రం మొదటి ట్యాంకు డ్రెయిన్ తిప్పితే టీ గ్లాసెడు గోధుమరంగు నీళ్లు వస్తాయి, రెండోదాని నుంచి చెంచాడు. అదంతా ఒకప్పుడు గన్ దాకా వెళ్లి పాలిష్ మీద గుంటలు వేసిన నీరే.

లోపాలూ ఉన్నాయి. మూడు నిమిషాల్లో నిండే ట్యాంకుకు ఇప్పుడు పన్నెండు నిమిషాలు కావాలి. అంతసేపు తిరిగి మోటారు చేయి పెట్టలేనంత వేడెక్కేది. రెండో ఏడాది పిస్టన్ రింగు మార్చాల్సి వచ్చింది. అప్పటినుంచి దాని ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, మేకులు మాత్రమే కొట్టే రోజు బాల్ వాల్వు మూసి లారీ ట్యాంకులను పక్కన పెడుతున్నాను. కీళ్లు పెరిగితే లీకులూ పెరుగుతాయి. రాత్రి ఎనిమిది బార్లు ఉంచి పడుకుంటే తెల్లారేసరికి మూడే మిగిలేది. సబ్బునీళ్లు రాసి చూస్తే గొట్టం తగిలించే కప్లర్ దగ్గర బుడగలు. అది మార్చాక సగం బారు కూడా పోవడం లేదు.

ఇప్పటికి నాలుగు వానాకాలాలు గడిచాయి. అన్ని నీళ్లు దిగిన ట్యాంకు లోపలి గోడ మొదటి రోజంత మందంగా ఉండదు. ఈసారి వానలు మొదలయ్యేలోపు రెండింటికీ మళ్లీ పన్నెండు బార్ల నీటి పరీక్ష చేస్తాను. చేతిపంపు కోసం ప్లంబరుకు చెప్పి ఉంచాను.