బొమ్మలు గీయించే కోచ్ దగ్గర రెండేళ్లు: పనికొచ్చిందేంటి, రానిదేంటి

లైఫ్ కోచింగ్ అంటే గోల్స్ రాయించుకుని, నెలాఖరుకి చేశావా లేదా అని నిలదీసే వ్యవహారం అనుకునేదాన్ని. నా కోచ్ పద్ధతి వేరు. బొమ్మలు గీయిస్తారు, పాత ఆదివారం అనుబంధాలు కత్తిరించి, ముక్కలు అతికించి కొలాజ్ చేయిస్తారు, పోస్టు చేయని ఉత్తరాలు రాయిస్తారు, తర్వాత వాటి మీద మాట్లాడిస్తారు. ఎక్కువగా జూమ్‌లోనే. రెండేళ్లు దాటింది కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, పనిచేస్తుంది, కాకపోతే అన్నీ పనిచేయవు.

నేను టీమ్ లీడ్‌ని. ఆఫీసులో ఎలా అనిపిస్తోందని ఎవరైనా అడిగితే వర్క్‌లోడ్ అనీ కమ్యూనికేషన్ గ్యాప్ అనీ గంటసేపు చెప్పగలను, అన్నీ అరిగిపోయిన జవాబులే. ఆవిడ నా మాటలు ఆపించి, ఆయిల్ పేస్టల్స్ తీసి సోమవారం స్టేటస్ కాల్‌ని గీయమన్నారు. బొమ్మలు రావండీ అంటే గీతలు చాలన్నారు. మా ఆయన అటుగా వెళ్తూ "ఏంటోయ్, ఎల్కేజీలో చేరావా" అని ఒక జోకు. గీస్తే వచ్చింది ఇదీ: పెద్ద బల్ల, చుట్టూ అందరికీ తలకాయలున్నాయి, నా కుర్చీలో మాత్రం మనిషి లేదు, లాప్‌టాప్ ఉంది. కావాలని అలా గీయలేదు.

"అంటే మీకు ఆత్మవిశ్వాసం తక్కువ" లాంటి ముక్క ఆవిడ నోట రాలేదు. "ఆ లాప్‌టాప్‌కి నోరుంటే ఏమంటుందండీ?" అన్నారంతే. "రిపోర్టు వస్తే చాలు వీళ్లకి, మనిషి ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే" అనేశాను, ఆ మాటకి నేనే ఉలిక్కిపడ్డాను. అన్నాళ్లూ అలసట అనుకున్నది చాలావరకు ఉక్రోషమే. ఆ వారం చేయాల్సిన పని కూడా అక్కడే తేలింది: కాల్‌లో నంబర్లు చదివి ఊరుకోకుండా డెలివరీ తేదీ మీద నా అభిప్రాయం ఒకటి చెప్పడం. చెప్పాను. తేదీ మారలేదు గానీ, మేనేజర్ తర్వాత విడిగా ఫోన్ చేసి వివరాలడిగాడు. నా దృష్టిలో అసలు విలువ ఇక్కడే ఉంది, బొమ్మలో కన్నా దాని మీద అడిగే ప్రశ్నలో, ఆ వారమే చేసే చిన్న పనిలో. పని దాకా రాని సెషన్లు కొన్ని జరిగాయి, మనసు తేలికైంది, మర్నాటికి మళ్లీ మామూలే.

ఇదంతా ఉత్త కబుర్లా అనేవాళ్ల కోసం. అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఒక చిన్న అధ్యయనం వేశారు: 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు బొమ్మలు, మట్టి, కొలాజ్ పనులు చేయిస్తే, దాదాపు 75 శాతం మందిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గింది, బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకపోయినా. పోల్చి చూడటానికి ఆ పనులు చేయని కంట్రోల్ గ్రూపు లేదు కాబట్టి దాన్ని పట్టుకుని ఎగరక్కర్లేదు. ఉత్తరాల సంగతికొస్తే, మానసిక శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు తమ బాధాకరమైన అనుభవాల గురించి రాశారు. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ రెండూ రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు ఇంకా పాడైంది, తర్వాతి నెలల్లో మాత్రం హెల్త్ సెంటర్‌కి వెళ్లడం తగ్గింది. ఆ మొదటి భాగం నాకు అక్షరాలా జరిగింది, అందుకే రాత్రి పడుకోబోయే ముందు ఉత్తరాలు రాయను, శనివారం పొద్దున రాస్తాను.

నాకు నచ్చనివీ చెప్పాలి. కళ్లు మూసుకుని సముద్రం ఊహించుకోండి అంటే నాకు నిద్రే వస్తుంది. మధ్యలో వేరే వాళ్ల వీకెండ్ గ్రూప్ సెషన్‌కి వెళ్లాను, అక్కడ ఏడ్చినవాళ్లకి చప్పట్లు, ఏడవనివాళ్లకి "మీరింకా ఓపెన్ అవ్వలేదు" అని వడ్డన. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఫీజు గంటకి వేలల్లో ఉంటుంది, మామూలు జీతగాళ్లకి బరువే.

కోచ్‌ని ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి అలాంటి లైసెన్సేమీ అక్కర్లేదు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ (ఐసీఎఫ్) అనే కోచ్‌ల సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కొంత నయం, అందులో మొదటి మెట్టు ఏసీసీకే (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్) 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. దానికన్నా ముఖ్యం, ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి కావాలి. నాన్న పోయాక నాకు వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ఆవిడ పేస్టల్స్ పక్కన పెట్టించి "ఇది నా పరిధిలోది కాదండీ" అని సైకాలజిస్టు దగ్గరికి పంపారు, అన్నాళ్లూ నా దగ్గర ఫీజు తీసుకోలేదు. అంత డబ్బు పెట్టలేనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు నెలకో సెషన్‌కి తగ్గించుకున్నా, మానే ఆలోచన లేదు. మొదలుపెట్టాలనుకుంటే ఒక్క సెషన్‌కి డబ్బు కట్టి చూడండి, ఆర్నెల్ల ప్యాకేజీ ముందే కట్టమంటే వద్దనండి.