ఒంగోలు విండోస్, నెల్లూరు ఉబుంటు: రెండేళ్లు వాడాక

ఆఫీసు కంప్యూటర్‌ని ఇంట్లోంచే నడుపుకునే ఏర్పాటు ఇది. ఒంగోలు ఆఫీసులో విండోస్ 11 ప్రో డెస్క్‌టాప్, అందులో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్. నెల్లూరు ఇంట్లో ఉబుంటు ల్యాప్‌టాప్. అటు విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్, ఇటు దానికి కనెక్ట్ అయ్యే రెమ్మినా, మధ్యలో దారి టెయిల్‌స్కేల్ (మన మిషన్లని మాత్రమే కలిపే ప్రైవేటు నెట్‌వర్క్). రెండేళ్ల వాడకంలో ఈ మూడింటికీ పైసా ఖర్చు కాలేదు. అయితే ఆఫీసు సిస్టమ్‌లో విండోస్ ప్రో ఉండాల్సిందే. హోమ్ ఎడిషన్ బయటికి పోనిస్తుంది గానీ, తనలోకి ఎవర్నీ రానివ్వదు. హోమ్ ఉన్నవాళ్లు రస్ట్‌డెస్క్ (దూరంనుంచి స్క్రీన్ నడిపే వేరే యాప్) పెట్టుకోవడం మేలు.

మధ్యలో టెయిల్‌స్కేల్ దేనికంటే, మన ఇళ్ల కనెక్షన్లు చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. నెట్ కంపెనీ వాడే సీజీనాట్ అనే ఏర్పాటు వెనక బోలెడుమందికి కలిపి ఒకటే అడ్రస్. రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ తెరిచి ఎంతసేపు కూర్చున్నా ఫలితం ఉండదు. పబ్లిక్ ఐపీ ఉన్నా సరే, ఆ పోర్ట్ తెరవొద్దు; పాస్‌వర్డులు వరసగా కొట్టి చూసే బాట్ల పని అదే. టెయిల్‌స్కేల్ రెండు వైపులా వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, ఒక్కో మిషన్‌కి 100తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. రెమ్మినాలో అదే కొట్టాలి. ఆఫీసు మిషన్‌కి టెయిల్‌స్కేల్‌లో రెండు సెట్టింగులు మరవకూడదు. ఒకటి ‘రన్ అనటెండెడ్’: ఇది లేకపోతే సిస్టమ్ రీస్టార్ట్ అయ్యాక ఎవరో ఒకరు లాగిన్ అయ్యేదాకా లైన్ రాదు. రెండోది, అడ్మిన్ పేజీలో ‘కీ ఎక్స్‌పైరీ’ ఆపేయడం. మామూలుగా 180 రోజులకి గడువు తీరి, సరిగ్గా రిటర్నులు వేసే రోజే మొరాయిస్తుంది.

రిమోట్ డెస్క్‌టాప్ విండోస్ పిన్‌తో లోపలికి రానివ్వదు, అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డ్ పెట్టుకోని లోకల్ ఖాతా అయితే అసలు తలుపు తీయదు.

ఎక్కువ విసిగించేది నెట్ స్పీడు కాదు, కీబోర్డు. టాలీలో పీరియడ్ మార్చడానికి ఆల్ట్ ఎఫ్2 నొక్కితే అది ఒంగోలు దాకా పోదు; ఉబుంటు మధ్యలో పట్టేసుకుని తన ‘రన్ ఎ కమాండ్’ పెట్టె తెరుస్తుంది. తెలియనివాళ్లు టాలీ పాడైందనుకుంటారు. రెమ్మినా టూల్‌బార్‌లో ‘గ్రాబ్ ఆల్ కీబోర్డ్ ఈవెంట్స్’ ఆన్ చేయాలి, ఉబుంటు అనుమతి అడిగితే ఇవ్వాలి. మళ్లీ ఇటు రావాలంటే కుడివైపు కంట్రోల్ కీ. మ్యాక్ వాళ్లు ‘విండోస్ యాప్’ వేసుకోవాలి (పాత మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌కి 2024లో పెట్టిన పేరు), ఎఫ్ కీలకి ఎఫ్ఎన్ కలిపి నొక్కాలి.

బిల్లు ఇక్కడ ప్రింట్ తీయడానికి ప్రింటర్ షేరింగ్‌తో కుస్తీ పట్టొద్దు. రెమ్మినా ప్రొఫైల్‌లో ‘షేర్ ఫోల్డర్’ ఇస్తే అది విండోస్ వైపు డ్రైవ్‌లా కనబడుతుంది. పీడీఎఫ్ అందులో సేవ్ చేసి ఇక్కడ ప్రింట్ కొట్టడమే. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే కలర్ డెప్త్ 16 బిట్, క్వాలిటీ ‘పూర్’ పెట్టండి. టాలీలో అంకెలేగా, కంటికి తేడా తెలియదు.

ఒక లోటుంది. ఇటునుంచి కనెక్ట్ అవగానే అక్కడి స్క్రీన్ లాక్ అయిపోతుంది. గుమాస్తాకి ఎంట్రీ చూపిస్తూ చెప్పాలంటే రస్ట్‌డెస్కే గతి. అదే రస్ట్‌డెస్క్‌తో ఉబుంటులోకి రావాలంటే, లాగిన్ దగ్గర గేర్ బొమ్మ నొక్కి ‘ఉబుంటు ఆన్ జోర్గ్’ ఎంచుకోవాలి (25.10కి ముందు వెర్షన్లలోనే ఇది ఉండేది). వేలాండ్ (ఉబుంటు స్క్రీన్ నడిపే కొత్త పద్ధతి; జోర్గ్ పాతది) ఉంటే స్క్రీన్ చూపించేందుకు అక్కడ ఎవరో అనుమతి నొక్కాలి.

తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఇదంతా దండగే, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ ఆన్‌లో లేకపోతే. అది పెడితే కరెంటు రాగానే సిస్టమ్ తనంతట తనే లేస్తుంది. విండోస్‌లో స్లీప్ ‘నెవర్’ పెట్టాలి. అన్నీ సరిగ్గా పెట్టినా లేవకపోతే, ఆఫీసుకి ఫోన్ చేసి బూట్ అయ్యాక తారీఖు చూడమనండి. ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చినట్టు. ఆ బిళ్ల గడియారాల షాపులో కూడా దొరుకుతుంది.