అయిదు స్పీకర్ల నడుమ ‘బికమ్ ఓషన్’: నుంగంబాక్కంలోని ఒక డెమో గది

చెన్నైలో హోమ్ థియేటర్ సామగ్రి అమ్మే దుకాణాలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలావాటి డెమో గదుల్లో వినిపించేది తల మీదుగా ఎగిరిపోయే హెలికాప్టరో, పేలిపోయే కారో తప్ప సంగీతం కాదు. నుంగంబాక్కంలో ఒక సందులోని దుకాణం మాత్రం ముందుగా ఫోన్ చేసి చెప్పిన వారికి తన గదిని గంటన్నర సేపు ఉచితంగా ఇస్తుంది, పైగా మన డిస్కును మనమే తీసుకువెళ్లవచ్చు. నేను తీసుకువెళ్లింది అమెరికా స్వరకర్త జాన్ లూథర్ ఆడమ్స్ రచించిన ‘బికమ్ ఓషన్’. ఈ సమీక్ష ఆ డిస్కు గురించి ఎంతో, ఆ గది గురించీ అంతే. ఈ రచన విషయంలో ఒకదాన్ని విడిచి రెండోదాని మంచిచెడ్డలు చెప్పడం కుదరదు.

సియాటిల్ సింఫనీ కోరి రాయించుకున్న ఈ కృతిని 2013 జూన్‌లో కండక్టర్ లుడోవిక్ మోర్లో నిర్వహణలో ఆ వాద్యబృందమే తొలిసారి వినిపించింది. 2014లో దీనికి పులిట్జర్ బహుమతి, 2015లో గ్రామీ పురస్కారం లభించాయి. కాంటలూప్ మ్యూజిక్ సంస్థ 2014లో విడుదల చేసిన పెట్టెలో మామూలు సీడీతో పాటు సరౌండ్ మిక్స్ (శ్రోత చుట్టూ ఉంచే స్పీకర్లకు విడివిడిగా పంచి కూర్చిన ధ్వని) ఉన్న డీవీడీ కూడా ఉంటుంది. సుమారు 42 నిమిషాల పాటు ఎక్కడా ఆగకుండా సాగే ఈ సంగీతంలో నోట కూనిరాగం తీయదగిన వరస ఒక్కటీ దొరకదు. డిసెంబరు సంగీత సీజనులో ఒక్క సాయంత్రమూ సభ మానని మా బావమరిది కాసేపు ఓపిక పట్టి, “పాట ఎప్పుడు మొదలవుతుంది బావా?” అని చెవిలో అడిగాడు. అతన్ని తప్పుపట్టలేను. పల్లవి కోసం కాచుకుని ఉండే చెవికి ఇది కచేరీకి ముందు ఎడతెగకుండా సాగే తంబూరా శ్రుతిలాగే తోస్తుంది.

నిర్మాణం తెలిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. వాద్యబృందం మూడు దళాలుగా విడిపోయి వేదిక మీద వీలైనంత ఎడంగా కూర్చుంటుంది: తంత్రీ వాద్యాలు ఒకటి, వుడ్‌విండ్స్ (ఫ్లూట్, క్లారినెట్ వంటివి) ఒకటి, బ్రాస్ (ట్రంపెట్ వంటి లోహపు ఊదు వాద్యాలు) ఒకటి. ప్రతి దళమూ తన సొంత కాలప్రమాణంలో మెల్లగా పైకి లేచి, అంతే మెల్లగా అణగుతుంది. మూడింటి ఆవృత్తాల నిడివి వేరువేరు కావడం వల్ల ఒకటి లేచే వేళకు మరొకటి దిగుతూ ఉంటుంది; కృతి మొత్తంలో మూడే మూడు సార్లు మూడు దళాలూ ఒక్కసారిగా ఉచ్ఛస్థాయిని అందుకుంటాయి. సగానికి చేరుకున్నాక సంగీతం వచ్చిన దారినే వెనుదిరిగి నడుస్తుంది. ధ్రువాల మంచు కరిగి సముద్రమట్టం పెరుగుతూ పోతే మనిషి తిరిగి సముద్రంలోనే కలిసిపోవలసి వస్తుందన్న ఆలోచన స్వరకర్త రాసిన పరిచయ వాక్యాల్లో ఉంది గానీ, ఆ సంగతి తెలియని శ్రోతకు కలిగే నష్టమేమీ లేదు.

ఆర్కెస్ట్రాను స్థలంలో విడదీయడం ఆడమ్స్‌తో మొదలైన పని కాదు. జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌసెన్ 1958లో కొలోన్ నగరంలో ‘గ్రుప్పెన్’ అనే కృతి కోసం శ్రోతలకు మూడు వైపులా మూడు ఆర్కెస్ట్రాలను, ముగ్గురు నిర్వాహకులను నిలబెట్టాడు. మరో స్వరకర్త క్సెనాకిస్ 1966లో ‘టెర్రెటెక్టోర్’ కోసం వాద్యకారులను ఏకంగా ప్రేక్షకుల మధ్యనే కూర్చోబెట్టాడు. ఆడమ్స్ పద్ధతి వారికంటే నెమ్మదైనది: ఒకే వేదిక, ఒకే నిర్వాహకుడు. అందుకే రెండు స్పీకర్ల స్టీరియోలో ఈ కృతి అందంగానే వినిపిస్తుంది కానీ, మూడు దళాలూ ఒకే సన్నని తెర మీద ఒకదానిపై ఒకటి పడి, ఏది లేస్తున్నదో ఏది దిగుతున్నదో చెప్పలేని స్థితి వస్తుంది. సరౌండ్ మిక్స్ అవసరం ఇక్కడే ఉంది.

ఇక గది సంగతి. మొదట వినిపించినది సరౌండ్ కానే కాదు. డిస్కు ధ్వనిని స్పీకర్లకు పంచే రిసీవర్ ముఖం మీది చిన్న కిటికీలో స్టీరియో అన్న అక్షరాలు స్పష్టంగా వెలుగుతున్నాయి. డిస్కు మెనూలో సరౌండ్ ట్రాకును ఎంచుకోకుండా, రెండు ఛానెళ్ల ధ్వనినే సినిమా మోడ్ ద్వారా అయిదు స్పీకర్లకూ పంచిపెట్టారు. అన్ని వైపుల నుంచీ మోత వస్తుంటే కొనుగోలుదారు సంతోషిస్తాడన్న నమ్మకం కాబోలు. దానికి తోడు వెనుక స్పీకర్లను సీలింగుకు దగ్గరగా, గోడ మూలల్లో బిగించారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముందు స్పీకర్లు శ్రోతకు ఎదురుగా ఇరువైపులా 30 డిగ్రీల దగ్గర, వెనుకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవులకు కాస్త వెనుకగా, దాదాపు చెవి ఎత్తులో ఉండాలి. అక్కడ పనిచేసే నెల్లూరు కుర్రవాడు ఎంతో ఓపికగా స్టాండ్లు తెచ్చి, వేరే జత స్పీకర్లను వాటి మీద పెట్టి, టేపుతో దూరాలు కొలిచి రిసీవరులో నమోదు చేశాడు. “బాస్ ఇంకొంచెం పెంచమంటారా సార్?” అని మంద్ర ధ్వని గురించి అడిగినప్పుడు తగ్గించమన్నాను, ఆ కోరిక అతనికి బొత్తిగా కొత్తదని ముఖం చూస్తేనే తెలిసింది.

అసలు చిక్కు ఏసీ. కృతి ఆరంభం అతి మంద్రంలో, వినీవినబడని గుసగుసగా ఉంటుంది. ఏసీ నడుస్తుంటే ఆ భాగం పూర్తిగా మాయమవుతుంది. ఆపితే మే నెల మద్రాసులో, అద్దాల తలుపులు మూసిన గదిలో కూర్చోవడం సాధ్యపడదు. గదిని ముందే బాగా చల్లబరిచి, మొదటి కొన్ని నిమిషాలు ఆపి ఉంచి, ధ్వని పెరిగాక మళ్లీ వేయడమొక్కటే మార్గమైంది. ధ్వని నిరోధానికి గోడల మీద అంత ఖర్చు పెట్టిన యాజమాన్యం తల మీద రొద చేసే యంత్రాన్ని ఎందుకు ఉపేక్షించిందో అర్థం కాదు.

ఇవన్నీ సర్దుకున్నాక వినిపించినది వేరే రికార్డింగే అనవచ్చు. బ్రాస్ దళం దూరం నుంచి కమ్ముకుని వస్తుండగా తంత్రులు తగ్గుతున్న సంగతి విడిగా తెలిసింది. హార్ప్ స్వరాలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోదగినంత తేటగా పడ్డాయి. శబ్దం తల చుట్టూ తిరగడమన్న గారడీ ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా. మూడు దళాలూ కలిసి లేచే తొలి ఘట్టంలో ధ్వని ఎంత పెద్దదైనా చెవికి భారమనిపించలేదు, ఎందుకంటే ఆ బరువంతా ఎదుట ఒక్కచోట కుప్పపడకుండా చుట్టూ పరుచుకుంది. మంద్ర ధ్వనికే కేటాయించిన స్పీకరు సబ్‌వూఫర్‌ను అదుపులో ఉంచినందువల్లే బాస్ డ్రమ్ మోతకూ మంద్ర పియానోకూ తేడా తెలిసింది.

ఒక లోపం చెప్పాలి. సరైన చోటు ఒక్కటే: నడిమి కుర్చీ. పక్క కుర్చీలో మా బావమరిదికి కుడివైపు వెనుక స్పీకరే ప్రధానంగా వినిపించింది. ఇద్దరు ముగ్గురు కలిసి వినాలనుకునే ఇంటికి ఈ ఏర్పాటు అంత అనుకూలం కాదు.

దుకాణం వారు చివర్లో చూపిన ప్యాకేజీ ధర లక్షల్లో ఉంది, అందులో సగం సినిమా హంగులకే పోతుంది. సంగీతం కోసమైతే అయిదు ఒకే రకం స్పీకర్లు, ఒక సామాన్యమైన రిసీవరు తీసుకుని మిగిలిన డబ్బు గది మీద పెట్టడం మేలు. గది కోసం వెళ్లదలచిన వారు పనిదినాల్లో ఉదయం పూట వెళ్లండి, శని ఆదివారాల్లో పక్క గది నుంచి టీవీల మోత వస్తుంది. డిస్కు అక్కడ అమ్మరు, బయటి నుంచి తెప్పించుకోవాలి. సీడీ కూడా అదే పెట్టెలో ఉంటుంది కనుక, సరౌండ్ వసతి సమకూరేలోగా దాన్ని మంచి హెడ్‌ఫోన్లతో వినవచ్చు.