నాలుగేళ్లుగా నంజుకుంటున్న త్సుకెమెన్

టోక్యో స్టేషన్‌లో యాఎసు వైపు, భూమి కింద రామెన్ (జపాన్ సూప్ నూడుల్స్) స్ట్రీట్ అని ఎనిమిది కొట్ల వరస ఉంది. అందులో ఏ కొట్టు క్యూ మలుపు తిరిగి పక్క కొట్టు దాకా పోతుందో అదే రోకురిన్‌షా. నిషి కసాయ్‌లో ఉండే మా తెలుగువాళ్లకి దూరం కూడా కాదు. తోజాయ్ మెట్రో లైన్‌లో ఓతెమాచిలో దిగి నడిచేయడమే. నాలుగేళ్లలో పాతికసార్లన్నా అక్కడ త్సుకెమెన్ తిని ఉంటాను.

త్సుకెమెన్ అంటే ముంచుకు తినే నూడుల్స్. నూడుల్స్ వేరే గిన్నెలో, చిక్కటి సూప్ వేరే గిన్నెలో ఇస్తారు. దీన్ని జనానికి అలవాటు చేసింది ‘తైషోకెన్’ అనే రామెన్ కొట్టు నడిపిన యమగిషి కజువో. వంటవాళ్లు మిగిలిన నూడుల్స్‌ని సూప్‌లో ముంచుకుని తింటుంటే చూసి, 1955లో నకానో కొట్టులో 40 యెన్లకి అమ్మకానికి పెట్టాడు. తర్వాత 1961లో హిగాషి ఇకెబుకురోలో సొంత కొట్టు తెరిచాడు. అంటే ఇది మొదట్లో పనివాళ్ల తిండి. మన చద్దన్నం లాంటిదన్నమాట.

మొదటిసారి నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆకలి మీద ఉన్నానేమో, నూడుల్స్ మొత్తం తీసుకెళ్లి సూప్ గిన్నెలో కుమ్మరించాను. అది చిన్న గిన్నె. సూప్ పొంగి ట్రేలో పడింది, కాస్త నా తెల్ల చొక్కా మీదా పడింది. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా తన చాప్‌స్టిక్స్‌తో నాలుగు పోగులు ఎత్తి, సగం వరకే ముంచి, జుర్రున లాగి చూపించాడు. అప్పటినుంచీ అలాగే తింటున్నాను. చొక్కా విషయంలో మాత్రం ఇప్పటికీ నమ్మకం లేదు, కూర్చోగానే పేపర్ ఎప్రన్ అడుగుతాను.

సగమే ఎందుకు ముంచాలంటే, ఆ సూప్ తాగడానికి చేసింది కాదు. పంది ఎముకలు, కోడి, ఎండు చేపలు గంటల తరబడి మరిగిస్తే వచ్చే చిక్కదనం అది. ఒక్క గుక్క తాగి చూడండి, ఆవకాయ ఊట తాగినట్టే ఉంటుంది. పైన నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క తెప్పలా తేలుతుంటుంది, దాని మీద చేపల పొడి చిన్న కుప్ప. మూత తీసిన ఎండు నెత్తళ్ల డబ్బా వాసన. కోస్తావాళ్లకి ప్రాణం లేచొస్తుంది, మిగతావాళ్ల సంగతి చెప్పలేను. శాకాహారులకి ఇక్కడ ఏమీ లేదు, ఆశపడి రాకండి.

అయితే నా ఓటు సూప్‌కి కాదు, నూడుల్స్‌కి. పెన్సిలంత కాకపోయినా బాగా లావు. ఉడికించాక చన్నీళ్లలో కడుగుతారు కాబట్టి జిగురు పోయి, పంటికి గట్టిగా తగులుతాయి. మొదటి రెండు పోగులు ఉత్తవే తినండి, గోధుమ రుచి తెలుస్తుంది.

లోటు కూడా ఆ చన్నీళ్లలోనే ఉంది. చల్లటి నూడుల్స్ ముంచీ ముంచీ, సగం తినేసరికి సూప్ చల్లారి కొవ్వు మీగడ కడుతుంది. ఇది చాలా కొట్లలో తప్పదు. ఆఫీసు దగ్గర ఇంకో చోట (పేరెందుకులెండి) సూప్ మొదటే గోరువెచ్చగా తెచ్చిపెట్టారు, ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. దీనికి మందుగా కొన్ని కొట్లలో ‘అత్సుమోరి’ అని వేడి నూడుల్స్ ఇస్తారు. నాకు నచ్చదు. రెండు నిమిషాల్లో ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఆర్డర్ ఇచ్చే టికెట్ మెషిన్ దగ్గర కంగారుపడి పెద్ద సైజు నొక్కకండి, మామూలుదే ఎక్కువ. క్యూ టెన్షన్ వద్దనుకుంటే పొద్దున్నే వెళ్లి ‘అసత్సుకె’ (పొద్దుటి త్సుకెమెన్) తినండి. కాస్త తేలిక, ధరా తక్కువ.

కిందటేడు నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. చిన్నప్పుడు చారు జుర్రితే వీపు మీద ఒక్కటిచ్చిన మనిషి. చుట్టూ కోట్లు వేసుకున్నవాళ్లంతా జుర్రుతుంటే కాసేపు చూసి, ఆయనా మొదలుపెట్టారు. నూడుల్స్ అయిపోయాక ‘సూప్‌వరి’ అడిగాను. మిగిలిన సూప్‌లో వేడి పల్చటి రసం పోస్తారు, అప్పుడది తాగడానికి పనికొస్తుంది. నాన్నగారు గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగుదాకా తాగి, మూతి తుడుచుకుంటూ అన్నారు: “ఒరేయ్, ఈ చారు ముందే పొయ్యొచ్చుగా?”