మ్యాక్‌బుక్‌లో విండోస్: ఏడేళ్లు వాడాక నా మాట

నాకు మ్యాక్ అంటే ప్రాణం, కానీ నాకు కూడు పెట్టేది పుస్తకాల పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. విజయవాడలో ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక కవితా సంపుటి. నేను పని ఇచ్చే ప్రెస్సులో ఈరోజుకీ పేజ్‌మేకర్ 7లో అను అనే తెలుగు ఫాంట్లతో చేసిన ఫైలే అడుగుతారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని మ్యాక్ వెర్షన్ ఇంటెల్ మ్యాక్‌లలో అసలు తెరుచుకోదు, నా దగ్గరున్న అను కూడా విండోస్‌దే. అందుకే 2018లో మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నప్పుడు మావాళ్లంతా ఒకటే మాట, విండోస్ వేసుకునేదానికి ఇంత డబ్బెందుకు పోశావని. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు, ఇప్పుడుంది.

నాది 2017 మోడల్, 13 అంగుళాలు, 8 జీబీ ర్యామ్, 128 జీబీ డిస్కు. మొదట మ్యాక్ లోపలే విండోస్‌ని ఒక కిటికీలో నడిపించే వర్చువల్ మెషీన్ పెట్టాను. ఉన్న 8 జీబీని రెండు సిస్టమ్‌లు పంచుకుంటే ఎవరికీ చాలలేదు, నూట యాభై పేజీల పుస్తకంలో పేజీ తిప్పిన ప్రతిసారీ ఆగి చూడాల్సి వచ్చేది. వారం తర్వాత అది తీసేసి, మ్యాక్ డిస్కులో కొంత భాగంలో విండోస్‌ని విడిగా వేసుకోనిచ్చే యాపిల్ సాఫ్ట్‌వేర్ బూట్ క్యాంప్‌తో విండోస్ 10 వేసుకున్నాను. యాపిల్ 2006లో ఇంటెల్ చిప్‌లకు మారింది, ఆ ఏడాదే బూట్ క్యాంప్‌ని కూడా తెచ్చింది. చిప్ మామూలు పీసీల్లో ఉండేదే కాబట్టి విండోస్ నేరుగా నడుస్తుంది, మధ్యలో ఏ పొరా ఉండదు, ర్యామ్ మొత్తం దానికే. ఆన్ చేసేటప్పుడు ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే ఏ డిస్కులోంచి లేవాలో అడుగుతుంది, అంతే.

స్పీడు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పేజ్‌మేకర్ ఎగిరి గంతేసినట్టే నడిచింది. నేను ఊహించని లాభం తెర. ఈ ఎయిర్ తెర 1440 బై 900, యాపిల్ రెటీనా అని పిలిచే ఎక్కువ రిజల్యూషన్ తెర కాదు. కొనేటప్పుడు అదొక లోటనుకున్నాను. కానీ పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్ ఎక్కువ రిజల్యూషన్ తెరల మీద మెనూలు, టూల్‌బాక్సు ఆవగింజంత చేసి చూపిస్తుంది, ఇందులో అన్నీ సరైన సైజులో కనిపిస్తాయి. రాత్రి పన్నెండింటికి ప్రూఫు దిద్దే కళ్లకి అది చిన్న విషయం కాదు.

ఇక కీబోర్డు. నాకు అనులో చేయి తిరిగింది యాపిల్ లేఅవుట్‌లోనే, అది ఆ లేఅవుట్ పేరు మాత్రమే, విండోస్‌లో బాగానే నడుస్తుంది. మామూలు టైపింగ్‌కి మ్యాక్‌బుక్ కీలు చాలా హాయిగా ఉంటాయి. చిక్కంతా అరుదైన ఒత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర. అవి ఆల్ట్ పట్టుకుని నంబర్లు కొడితే వస్తాయి, ఆ నంబర్లు నమ్‌ప్యాడ్ మీదే కొట్టాలి, మ్యాక్‌బుక్‌కి నమ్‌ప్యాడ్ లేదు. మూడు నెలలు అక్షరాలు ఇంకో ఫైల్లోంచి కాపీ చేసి అతికించాను, ఆ తర్వాత నమ్‌ప్యాడ్ ఉన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు కొన్నాను. మొదటి రోజే కొనాల్సింది. ఇంకోటి, మ్యాక్‌లో కమాండ్+సీ అలవాటైన వేలు విండోస్‌లో కంట్రోల్‌కి మారాలి, రోజుకి నాలుగుసార్లు అటూ ఇటూ వెళ్తే చేయి ఎక్కడుందో నాకే తెలిసేది కాదు. అందుకే ఉదయమంతా విండోస్, సాయంత్రం మ్యాక్ అని పెట్టుకున్నాను. ఇది నాకు మేలే చేసింది. పేజ్‌మేకర్ తెరిచి కూర్చున్న పూట మెయిలూ చాటూ ఏవీ ఉండవు, పని తొందరగా తెములుతుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు డిస్కు పంపకం. విండోస్‌కి కనీసం 64 జీబీ కావాలంటుంది బూట్ క్యాంప్, నాకున్నదే 128, సగానికి సగం ఇచ్చేశాను. రెండేళ్లలో మ్యాక్ వైపు నిండిపోయింది. ఒకసారి పంచాక బూట్ క్యాంప్‌లో సైజు మార్చుకునే వీలు లేదు, విండోస్ మొత్తం తీసేసి మళ్లీ మొదట్నుంచి వేయాలి. ముహూర్తాల సీజన్ మధ్యలో ఆ పని పెట్టుకుని రెండు రోజులు పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. పాత ఇంటెల్ మ్యాక్ కొనాలనుకునేవాళ్లు 256 జీబీకి తక్కువ చూడకండి.

బ్యాటరీ మ్యాక్ వైపు నాకు ఎనిమిది గంటలు వచ్చేది, విండోస్‌లో ఐదు. ఫైళ్లకి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, రెండు వైపులా రాయొచ్చు. విండోస్ డిస్కుని మ్యాక్ చదువుతుంది గానీ అందులో తనంతట తాను రాయలేదు. విండోస్‌లో ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తీస్తే మ్యాక్‌లో అక్షరం చెదరదు. అదే పేజ్‌మేకర్ ఫైలు ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలై కూర్చుంటుంది, అన్ని సిస్టమ్‌లూ గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతి అనుది కాదు కదా.

ఇప్పుడు కొనేవాళ్లకి లెక్క వేరు. 2020 చివర్లో వచ్చిన యాపిల్ సొంత చిప్ ఎం1 నుంచి మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. వాటిలో విండోస్ కావాలంటే ఆర్మ్ (ఎం1 లాంటి చిప్‌ల రకం) వెర్షన్ విండోస్ 11ని వర్చువల్ మెషీన్‌లో పెట్టుకోవాలి. పారలల్స్ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో అలా నడపడానికి 2023లో మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతి ఇచ్చింది, అలాంటిదే ఇంకోటి, వీఎంవేర్ ఫ్యూజన్, 2024 నుంచి ఉచితం. మా చెల్లి ఎం2 ఎయిర్‌లో నేనే ఫ్యూజన్ పెట్టిచ్చాను, ఆఫీసు పని శుభ్రంగా నడుస్తోంది, రీస్టార్ట్ చేసే పనే లేదు. కానీ డాంగిల్ (తాళంచెవిలా పనిచేసే యూఎస్‌బీ ముక్క) పెడితేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ మీకుంటే జాగ్రత్త. మామూలు పీసీ ప్రోగ్రాములని ఆ విండోస్ అనువదించి నడుపుతుంది గానీ అలాంటి పరికరాలని పనిచేయించే డ్రైవర్లని అలా నడపలేదు, ఆర్మ్ కోసం రాసిన డ్రైవర్ ఉండాల్సిందే.

నా విండోస్ 10కి అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి, ఇందులోని ప్రాసెసర్ విండోస్ 11 అర్హత జాబితాలో లేదు. అందుకని విండోస్ వైపు వైఫై పూర్తిగా ఆపేశాను, ఆన్‌లైన్ పనేదైనా మ్యాక్ వైపే. పేజ్‌మేకర్‌కి నెట్ అక్కర్లేదు. మొన్న శ్రావణ మాసం శుభలేఖలన్నీ ఇందులోనే చేశాను, ఇప్పుడు తెరిచి ఉన్నది ఒక మాస్టారి కథల పుస్తకం, 96వ పేజీ.