వీలునామాకి లాయరు ఫీజు దండగా? తిరుపతి కె.టి. రోడ్డు లాయరమ్మతో నా అనుభవం

వీలునామా రాసివ్వడానికి 8,000 రూపాయలా అని మా ఆవిడ ముక్కున వేలేసుకుంది. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరి ఇందులో నాలుగోవంతుకే రాసిస్తాడు, కాదనను. కాకపోతే ఆయన మనం చెప్పింది చెప్పినట్టు రాస్తాడు. కె.టి. రోడ్డు వెనక వీధిలో ఉండే ఈ లాయరమ్మ మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు. నేను డబ్బు కట్టింది ఆ ప్రశ్నలకే అనుకుంటాను.

ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా రిటైరైన నాకున్న ఆస్తులు రెండే. కొర్లగుంటలో జీతం డబ్బుతో కట్టిన ఇల్లు, దామలచెరువు దగ్గర మామిడి తోట. ఇల్లు అమ్మాయికి, తోట అబ్బాయికి రాయమన్నాను. ఇంటికి సరేనన్నారు. తోట దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి, "ఇది మీరు కొన్నదా సార్, పెద్దలదా?" అన్నారు. తాతల నాటిది, నాన్న ఉండగానే అన్నదమ్ముల భాగాల్లో నా వంతుకు వచ్చింది. "అయితే అందులో మీ వాటా వరకే మీరు వీలునామా రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత మీ అమ్మాయికి కూడా అబ్బాయితో సమానంగా పుట్టుకతోనే హక్కుంది" అన్నారు. అమ్మాయి ఇష్టపడితే హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించుకోవచ్చని దారీ చూపించారు. అమ్మాయి, అల్లుడు చిత్తూరు నుంచి వచ్చి మాట్లాడి ఒప్పుకున్నారు. ఇదే సంగతి నేను పోయాక బయటపడి ఉంటే అక్కాతమ్ముళ్లు కోర్టు మెట్లెక్కేవాళ్లు.

సాక్షులుగా నా పాత డిపో స్నేహితులిద్దరినీ తీసుకొస్తానంటే, "మీకన్నా చిన్నవాళ్లు లేరా?" అన్నారు. ఇద్దరు సాక్షులు ఉండాలని నాకు తెలుసు, వయసు సంగతే తట్టలేదు. రేపు ఎవరైనా కాదంటే కోర్టులో వీలునామా రుజువు చేయడానికి సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి చెప్పాలి కదా.

ఆ బాధ మా ఇంట్లో ఒకసారి పడ్డాం. పెళ్లి చేసుకోని మా బావమరిది చెన్నై పురసవాక్కంలో ఉన్న ఇల్లు మా ఆవిడకు రాసి పోయాడు. ఇక్కడ తిరుపతిలో ఉన్న ఆస్తికి మనవాళ్లు రాసే వీలునామాకి ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. చెన్నై నగరంలో ఆస్తికి అప్పట్లో మద్రాసు హైకోర్టులో ప్రొబేట్ తెచ్చుకోవాల్సి వచ్చింది. లాయరమ్మ "నేను అక్కడ ప్రాక్టీసు చేయను" అని ముందే చెప్పి, అక్కడి లాయరుకు అప్పగించారు. మన దగ్గర ఏమీ తీసుకోలేదు. వారసులకు నోటీసులు, పేపర్లో ప్రకటన అన్నీ అయ్యాక సాక్షి అఫిడవిట్ దగ్గర బండి ఆగింది. ఒక సాక్షి పోయాడు, రెండో ఆయన హోసూరు వెళ్లిపోయాడు. ఆయన్ని పట్టుకోవడానికే నెలలు పట్టింది.

నా వీలునామా డ్రాఫ్టు కూడా చూసి రాశారు. పాత పత్రంలో ఇంటి దక్షిణం హద్దు "ఖాళీ స్థలం" అని ఉంది. అక్కడిప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది. చెక్కుబందీలో, అంటే నాలుగు హద్దుల వివరాల్లో, రెండూ కనిపించేలా రాయించారు. బ్యాంకు డిపాజిట్‌కు నామినీ పెట్టాను కదా అంటే, నామినీ డబ్బు తీసుకునేవాడే, సొంతదారు కాదని చెప్పి అదీ వీలునామాలో చేర్చారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నారు గానీ చేయించుకున్నాం. వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు.

ఇక చిరాకులు. సాయంత్రం ఆరు గంటలకు రమ్మని ఏడున్నరకు వస్తారు. బయట ప్లాస్టిక్ కుర్చీలు రెండే, మూడో మనిషి మెట్ల మీదే. మొదటి డ్రాఫ్టులో నా వయసు ఐదేళ్లు తగ్గించారు, సంతోషించాలో లేదో తెలియలేదు. టైపింగ్ చార్జీలు వేరే అని చివర్లో చెప్పడం మాత్రం నచ్చలేదు. ఆఫీసు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నడవలేని వాళ్లుంటే ఇంటికే వస్తారట, దానికి ఫీజు వేరే. ఎంతో ముందే అడగండి, టైపింగ్‌తో కలిపి.